చిలుకూరు మైకు

ఈ వారం ఫోనుకు వచ్చిన ఒక వెంచర్ బ్రోచర్ చూసి ఒళ్లు మండింది. అట్ట మీద చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు. లోపలి పేజీలో చిలుకూరు బాలాజీ గుడి. పక్కనే పెద్దక్షరాల్లో ‘మొయినాబాద్‌ను ఆనుకుని’. తీరా మ్యాపులో వెతికితే ఆ ప్లాట్లు చేవెళ్ల కూడా దాటి మన్నెగూడ వైపు ఎక్కడో ఉన్నాయి. ఉన్న ఊరి పేరు చెప్పుకోవడానికి మనసొప్పక పక్క ఊరి పేరు తగిలించుకున్నారు. ఆ పేరు తగిలించుకున్నవాళ్లు 111 జీవో ఊసే ఎత్తలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996 మార్చిలో 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దు గీసిన ఉత్తర్వు అది. ఆ తరువాత ఎన్ని ప్రకటనలు వచ్చినా, మొయినాబాద్ పేరు వినగానే కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న ఇప్పటికీ అదే. దానికి జవాబు లేదు గానీ ‘ప్రశాంతమైన’, ‘విలాసవంతమైన’, ‘అపురూపమైన’ మాత్రం పేజీ పేజీకీ ఉన్నాయి.

ఈ కాలమ్ క్రమం తప్పకుండా చదివేవాళ్లకు విశేషణాల మీద నా కోపం కొత్త కాదు. సరుకు మంచిదైతే దాని ఊరు, బరువు, ధర చెబితే చాలు. గొంతు చించుకునే దుకాణం కన్నా మాట తక్కువగా ఉన్న దుకాణాన్నే నమ్మమని చాలాసార్లు రాశాను. ఆ వాదనకు నేను తరచూ చూపించే సాక్ష్యం ఆ బ్రోచర్‌వాళ్లు బొమ్మగా వాడుకున్న గుడే.

చిలుకూరులో హుండీ లేదు. టికెట్టు లేదు. వీఐపీ లైను లేదు. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరితే మళ్లీ వచ్చి నూట ఎనిమిది. అంతే. ‘వీసా బాలాజీ’ అన్న పేరును ఏ కమిటీ కూర్చుని పెట్టలేదు. అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన తల్లులు పెట్టారు. డల్లాస్‌లో ఏ తెలుగింట అడిగినా ఆ పేరు తెలుసు.

నూట ఎనిమిది తిరిగేవాళ్ల చేతిలో చిన్న కార్డు ఉంటుంది, గళ్లలో అంకెలు. చుట్టు పూర్తయిన ప్రతిసారీ నడుస్తూనే పెన్నుతో ఒక అంకె కొట్టేస్తారు. అరవై దాటేసరికి కార్డు చెమటకు మెత్తబడుతుంది, ఇంకు అలుక్కుపోతుంది, కొట్టినదేదో కొట్టనిదేదో వేలితో తడిమి చూసుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఇంకెంత మిగిలింది? ఈ మూడింటికీ ఆ కార్డులో జవాబుంది. చేయాల్సిన పనిని ఇంత తేటగా చెప్పిన కాగితాన్ని నేను ఏ కార్పొరేట్ ఆఫీసులోనూ చూడలేదు.

అయితే అది నోరు విప్పని గుడి ఏమీ కాదు. ప్రదక్షిణ చేస్తున్నంతసేపూ మైకు వినిపిస్తూనే ఉంటుంది. దర్శనమప్పుడు కళ్లు మూసుకోవద్దనీ, ఆలయాలు ప్రభుత్వం చేతిలో ఉండకూడదనీ అర్చకులు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. ‘వాక్’ పేరుతో సొంత పత్రికే నడుపుతున్నారు. చిలుకూరును మౌనానికి సాక్ష్యంగా చూపించేవాడు ఈ మైకును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఆ మైకు వెనక ఉన్న అర్చకులు సి.ఎస్. రంగరాజన్ 2018 ఏప్రిల్‌లో జియాగూడ రంగనాథస్వామి ఆలయంలోకి ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. మునివాహన సేవ. తిరుప్పాణాళ్వారును లోకసారంగముని మోసుకెళ్లిన కథ తెలిసినవాళ్లకూ, బొత్తిగా తెలియనివాళ్లకూ ఆ ఒక్క ఫొటో చాలింది. విడమరచి చెప్పాల్సిన అవసరం పడలేదు. దేశమంతా అర్థం చేసుకుంది.

సరిగ్గా ఆరేళ్లకు, మళ్లీ ఏప్రిల్‌లోనే, ఇంకో మాట బయటకు వెళ్లింది. 2024లో చిలుకూరు బ్రహ్మోత్సవాల సందర్భంగా, సంతానం లేని మహిళలకు గరుడ ప్రసాదం ఇస్తామన్న కబురు. ధ్వజారోహణం నాడు గరుత్మంతుడికి నివేదించిన ప్రసాదాన్ని పంచడం వైష్ణవాలయాల్లో పాత ఆచారమే. కానీ ఆ కబురు వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. ఏప్రిల్ 19, శుక్రవారం తెల్లవారకముందే కార్లు, ఆటోలు, బైకులు బయల్దేరాయి. అనుకున్నదానికి ఎన్నో రెట్ల జనం. చిలుకూరు వెళ్లే దారులన్నీ కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. ఆఫీసులకు వెళ్లేవాళ్లు స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయారు. ఎన్నో ఏళ్లుగా పిల్లల కోసం ఎదురుచూస్తూ, ఇదొక్కటి కూడా చేసి చూద్దామని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్లు ఎండలో నడిచారు. చాలామంది ప్రసాదం అందకుండానే వెనుదిరిగారు. ఆ రోజు వార్తల్లో ట్రాఫిక్ గురించే ఎక్కువ మాట్లాడారు. నాకు మాత్రం ఆ ఆడవాళ్లే గుర్తుండిపోయారు.

మాట ఎక్కువై ఇలా జరిగిందనుకోవడం తేలిక. నా పాత వాదన ప్రకారం అలాగే అనుకోవాలి. కానీ ఫోన్లలో తిరిగిన కబురును గుర్తుచేసుకుని చూడండి. అందులో ఆశ ఉంది. ఎంతమందికి సరిపోతుందో లేదు. ఎన్ని గంటల దాకా ఇస్తారో లేదు. అయిపోతే ఏం చేయాలో లేదు. మాట నోటి నుంచి బయల్దేరినప్పుడు షరతులు ఉండి ఉండొచ్చు, దారిలో రాలిపోయి ఉండొచ్చు. ప్రతి ప్రకటనకూ దారిలో జరిగేది అదే. తీపి సగం ముందుకు వెళ్తుంది, షరతుల సగం వెనకబడుతుంది. ప్రారంభోత్సవం నాడు రూపాయికే బిర్యానీ అని బోర్డు పెట్టిన హోటలువాళ్లకు ఈ సంగతి అనుభవమే. భుజాల మీద మోసిన ఫొటోకు ఈ బెడద రాలేదు, ఎందుకంటే అది జరిగిపోయిన పని. ప్రసాదం సంగతి అలా కాదు, అది జరగబోయే పని. ఇస్తామన్న మాటకు హద్దు కూడా అదే వాక్యంలో ఉండాలి, విడదీసి ఫార్వర్డ్ చేయడానికి వీల్లేనంతగా.

ఆ తరువాత జరిగినదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మిగతా రోజుల్లో గరుడ ప్రసాదం పంపిణీ లేదని గుడి నుంచే, అదే గొంతుతో ప్రకటన వచ్చింది. కల్యాణోత్సవం నాటి వివాహ ప్రాప్తి కార్యక్రమాన్ని రద్దు చేశారు, ఎవరిళ్లలో వాళ్లే ప్రార్థించుకోమన్నారు. పోలీసుల మీదా, మీడియా మీదా వదిలేసి లోపల కూర్చుని ఉంటే శనివారం, ఆదివారం కూడా శుక్రవారంలాగే అయ్యేవి. పేరు నిలబెట్టింది మౌనం కాదు. రెండోసారి నోరు విప్పడం. రమ్మన్న గొంతే రావద్దని కూడా చెప్పగలగాలి.

మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డుకు రెండు వైపులా ఇప్పుడు రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు, నర్సరీలు. అందరికీ పేరు కావాలి. ఆ పేరును రిజిస్టర్ చేయించుకుంటే చాలనుకుంటారు. రిజిస్ట్రేషన్‌ను నేను తక్కువ చేయను. ఇదే వైపు ఇంకాస్త ముందుకెళ్తే వచ్చే తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే ఊరి పప్పును తాండూరుదని అమ్మేవాణ్ణి కోర్టుకు లాగడానికి అది పనికొస్తుంది. మన పేరు ఇంకొకడు వాడుకోకుండా చట్టం ఆపుతుంది. మన పేరును మనమే చెడగొట్టుకుంటే ఆపే చట్టం లేదు. పెళ్లిలో జనరేటర్ ఆగి అరగంట చీకట్లో కూర్చున్నామని ఒక కుటుంబం రాస్తే, ‘మీ అభిప్రాయం మాకెంతో విలువైనది’ అని జవాబు ఇచ్చే హాళ్లున్నాయి. ఆ పెళ్లికూతురి తండ్రికి కావలసింది ఎందుకు ఆగింది, మళ్లీ ఆగకుండా ఏం చేశారు, ఎంత డబ్బు తిరిగి ఇస్తారు అన్న మూడు ముక్కలు. వాటిని దాటవేసే ప్రతి మర్యాద వాక్యమూ ఆయన్ని ఇంకోసారి అవమానించడమే.

చేవెళ్ల దగ్గర గులాబీలు పండించే రైతు ఒకరు నాకు తెలుసు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తాయి. బండి ఎక్కించగానే కమీషన్ ఏజెంటుకు ఒక వాయిస్ మెసేజ్ పెడతారు. ఒకటి నాకూ వినిపించారు. “అన్నా, ఇయ్యాల రెండొందల కట్టలు వస్తున్నయ్. అందుల అరవై కట్టలకు కాడ పొట్టిగుంది. వాటికి ఎర్రదారం కట్టిన. అవి డెకరేషనోళ్లకు ఇయ్యకు, చిల్లరగ అమ్ము.” అంతే మెసేజ్. నమస్కారం లేదు, పొగడ్త లేదు, బతిమాలడం లేదు.

ఆ ఏజెంటును కూడా కలిశాను. ఈ రైతు కట్టలు విప్పి చూడటం ఎప్పుడో మానేశానన్నారు. పెట్టె మీద రైతు పేరు ఉండదట. డెకరేషన్‌వాళ్లు మాత్రం ఎర్రదారం ఉన్న పెట్టెలు ఎక్కడున్నాయో ముందు అడిగి, అదే బండిలో వచ్చిన దారం లేని కట్టలకు బేరమాడకుండా ఎక్కువిచ్చి పట్టుకెళ్తున్నారట.