పల్లం లేని సైకిల్

నేను సైకిల్ నేర్చుకున్న ఏడు మా మామిడితోటలో పెద్దరసాలు విరగకాశాయి. ఆగిరిపల్లి దాటి నూజివీడు వైపు వచ్చే దారిలో, ఎర్రమట్టి బాట పక్కన తోట. అద్దె సైకిల్ గంటకి అర్ధరూపాయి. కాలు అందని వయసు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, సీటుని చంకలో ఇరికించుకుని, ఒక పక్కకి ఒరిగి తొక్కేదాన్ని. దాన్ని మేం దొంగతొక్కుడు అనేవాళ్ళం. నాన్న సైకిల్ క్యారియర్ పట్టుకుని వెనక పరిగెత్తేవాడు. "వదలొద్దు నాన్నా!" అని నేను అరుస్తుంటే "వదల్లేదమ్మా, నువ్వు తొక్కు" అనేవాడు. ఆ మాట దూరం నుంచి వినిపిస్తే గానీ ఆయన ఎప్పుడో వదిలేశాడని తెలిసేది కాదు. మోకాళ్ళు కొట్టుకుపోయాయి, చేతుల్లో ఎర్రమట్టి దిగబడింది. అయినా మర్నాడు తెల్లారేసరికి సైకిల్ షాపు ముందు నిలబడేదాన్ని.

నలభై ఏళ్ళు గడిచాక విజయవాడలో ఒక అద్దాల గదిలో, కదలని సైకిల్ మీద కూర్చుని, నలభై అయిదు నిమిషాలకు ఏడుపొచ్చినంత పనై ఇంటికొచ్చాను. ఒక్క దెబ్బ తగల్లేదు, ఎక్కడా పడలేదు. మర్నాడు వెళ్ళబుద్ధి కాలేదు. చిన్నప్పుడు అన్ని దెబ్బలు తిని కూడా సంతోషించినదాన్ని ఈ చల్లటి గదిలో ఎందుకు సంతోషించలేకపోయానో అప్పట్నుంచీ ఆలోచిస్తూ వచ్చాను. ఇండోర్ సైక్లింగ్ క్లాసు కొత్తవాళ్ళకి ఆనందంగా మారుతుందా అని ఎవరైనా అడిగితే మారుతుందనే చెబుతాను. అయితే దానంతటది మారదు. నేర్పేవాళ్ళకీ నేర్చుకునేవాళ్ళకీ కొన్ని మెళకువలు తెలియాలి. ఆ మెళకువల్లో చాలామటుకు మా సైకిల్ షాపు బాబాయ్‌కి, మా నాన్నకి ముందే తెలుసు.

బయట తొక్కుకోవచ్చు కదా, గదిలో ఎందుకు అంటారా? వేసవిలో మా వైపు రండి. నున్న మార్కెట్‌కి కాయ తోలే లారీలు, ట్రాక్టర్లు తెల్లవారుజాము నుంచీ రోడ్డు మీదే. తొమ్మిది దాటితే ఎండ నెత్తిన కుంపటి. దుమ్ముకి ఊపిరాడదు. యాభై దాటిన ఆడమనిషి సైకిలెక్కితే కట్ట మీద కూర్చున్న నలుగురూ తల తిప్పి చూస్తారు. పైగా చిన్నరసాల కాలంలోనే షుగర్ డాక్టరు వ్యాయామం సంగతి గట్టిగా అడుగుతాడు. గది, ఫ్యాను, కదలని సైకిల్ నాకు విలాసమేం కాదు. నాకు మిగిలిన దారి అదే.

ఉన్నచోటే ఉండి కాళ్ళాడించే యంత్రాలు కొత్తవి కావు. 1796లోనే లండన్‌లో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన చేతులకీ కాళ్ళకీ కసరత్తు చేయించే జిమ్నాస్టికాన్ అనే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అందరూ ఒక గదిలో, పాటతో, ఒకరి నడిపింపులో తొక్కే ఈ క్లాసుని ఇవాళ్టి రూపంలో నిలబెట్టినవాడు మాత్రం జానీ గోల్డ్‌బర్గ్. దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ సైకిలిస్టు. అమెరికాని ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటే పందెం కోసం సాధన చేస్తూ, 1980ల చివర్లో ఇంట్లోనే తొక్కడానికి వీలుగా సొంతంగా ఒక సైకిల్ తయారుచేసుకున్నాడు. స్పిన్నింగ్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. రోడ్డు మీద మైళ్ళకి మైళ్ళు తొక్కిన మనిషి చేసిన పని కాబట్టి అందులో మిట్ట, పల్లం, చదును అన్నీ ఊహలో ఉంటాయి. కొత్తవాళ్ళకి మొదట అందనిది ఆ ఊహే.

యంత్రం సంగతి చెప్పాలి. ముందు భాగంలో బరువైన చక్రం ఉంటుంది, పదిహేను ఇరవై కిలోల దాకా. చాలా క్లాసుల్లో అది పెడల్‌కి బిగిసి ఉంటుంది. మన సైకిల్ అయితే తొక్కడం ఆపినా టిక్కుటిక్కుమంటూ సాగిపోతుంది, కాళ్ళు ఊరుకుంటాయి. ఇక్కడ చక్రం తిరిగినంతసేపు పెడల్ తిరుగుతూనే ఉంటుంది, కాలిని లాక్కుపోతుంది. ఆపాలంటే వేగం తగ్గించుకుంటూ రావాలి, లేదా చక్రాన్ని బిగించడానికి ముందున్న మరను కిందికి నొక్కాలి. ఎక్కిన మొదటి నిమిషంలోనే ఈ ఒక్కటి చూపించకపోతే మిగతా క్లాసంతా భయంతోనే గడుస్తుంది. చున్నీ తీసి పక్కన పెట్టాలి, బూటు లేసులు లోపలికి దోపాలి. లేడీస్ సైకిల్‌కి చైన్ కవరు, చీర గార్డు ఎందుకు పెట్టారో గుర్తున్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

సగం సుఖం సీటులో ఉంది. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పినా తనివి తీరదు. సైకిల్ పక్కన నిలబడితే సీటు మీ తుంటి ఎముక ఎత్తుకి రావాలి. ఎక్కి కూర్చుని పెడల్ అట్టడుగుకి తెచ్చినప్పుడు మోకాలు పూర్తిగా చాపుకుపోకూడదు, కొద్దిగా వంగి ఉండాలి. రెండు పెడళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు ముందున్న మోకాలు పెడల్ ఇరుసుకి సరిగ్గా పైన ఉండాలి. అలా వచ్చేదాకా సీటుని ముందుకీ వెనక్కీ జరపాలి. పాదం మధ్యభాగంతో కాదు, వేళ్ళ వెనకుండే వెడల్పు భాగంతో తొక్కాలి. హ్యాండిల్ మొదట్లో సీటు కంటే ఎత్తుగా ఉంటే నడుముకి హాయి. భయపడేవాళ్ళు కాలు నేలకి అందాలని సీటు బాగా దించుకుంటారు. నేనూ దించుకున్నాను. మూడో పాటకే మోకాళ్ళు మూలిగాయి. ఇది పడని సైకిల్ కదా, నేలతో పనేముంది? ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మా ఊరి సైకిల్ షాపు బాబాయ్ మాత్రం పిల్ల ఎత్తు కంటితోనే కొలిచి, తాళం తీసే ముందే పానాతో సీటు సర్దేవాడు.

మిగతా సగం మరలో ఉంది. చక్రాన్ని బిగించే ఆ చిన్న మరే ఈ గదిలో మిట్టా పల్లమూ. మరీ వదులు చేస్తే చక్రం కాలిని తోసుకుపోతుంది, మనిషి సీటు మీద ఎగిరెగిరి పడుతుంది. వదులుగా ఉంటే సులువని కొత్తవాళ్ళు అనుకుంటారు గానీ ఆ కుదుపే ఒళ్ళు హూనం చేస్తుంది. మరీ బిగిస్తే మోకాలి మీద పడుతుంది. చదును నేల అనుకుంటే నిమిషానికి 80 నుంచి 110 చుట్లు, మిట్ట అనుకుంటే 60 నుంచి 80 అన్నది ఈ విద్యలో స్థిరపడ్డ లెక్క. కొత్తవాళ్ళు 80 దగ్గర ఆగిపోవచ్చు. పదిహేను సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది. ఇరవై వస్తే ఎనభై అన్నమాట. శ్రమకి వేరే కొలత ఉంది. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా అంకెలతో ఒక కొలబద్ద ఇచ్చాడు. ఎంత కష్టంగా ఉందో మన ఒళ్ళు మనకి చెప్పే సంఖ్య అది. మొదటి వారాల్లో 11, 12, 13 మధ్య ఉంటే చాలు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడే ఊపిరి మాత్రం ఉండకూడదు.

నా మొదటి క్లాసులో ఇవేవీ జరగలేదు. దీపాలార్పారు, పాట పెంచారు, "బిగించండి, ఇంకా బిగించండి" అన్నారు. ముందు వరుసలో కుర్రాళ్ళు లేచి నిలబడి తొక్కుతుంటే నేనూ పౌరుషానికి లేచాను. మర్నాడు మెట్లు దిగలేకపోయాను. నాకు అంతటితో పోయింది. కానీ మొదటి క్లాసులోనే శక్తికి మించి తొక్కి తొడ కండరాలు చితికి ఆసుపత్రి పాలైనవాళ్ళ గురించి 2017లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వ్యాసమే వచ్చింది. తొడలు వాచి, భరించలేని నొప్పితో మూత్రం కోలా రంగులోకి మారితే అది మామూలు ఒళ్ళునొప్పి కాదు. చితికిన కండరం నుంచి రక్తంలోకి చేరే పదార్థం మూత్రపిండాలని దెబ్బతీస్తుంది, వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. అందుకే మొదటి రోజు ఇరవై నిమిషాలు తొక్కి దిగిపోయే హక్కు కొత్తవాళ్ళకి ఉండాలి. దిగిపోతే నామోషీ అనిపించే క్లాసులో చేరవద్దు.

సీటు నొప్పి మాత్రం తప్పదు. కూర్చునే ఎముకల దగ్గర రెండు మూడు వారాలు సలుపుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మెత్త కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ చుడీదార్ లోపల వేసుకుంటే చాలామటుకు తగ్గుతుంది.

ఇక పాట. కాళ్ళ పనికి పాట జోడించడం బయట నుంచి వచ్చిన వింతేమీ కాదు. మోటార్లు రాకముందు ఏతం తొక్కి నీళ్ళు తోడిన తెలుగు రైతుకి అది రోజువారీ సంగతి. ఏతం మాను మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ, బానకి ఒక వరసగా పాడుకుంటూ, పాటతోనే లెక్క పెట్టుకునేవాళ్ళు. ఏతం పాటలని మన జానపదంలో ఒక కొమ్మే ఉంది. అడుగు దరువుతో కలిసినప్పుడు అలుపు తగ్గుతుందని వాళ్ళకి ఒంటితో తెలుసు. బ్రిటన్‌లో కోస్టాస్ కరగియోర్గిస్, ఆయన తోటి పరిశోధకులు 2012లో దీన్నే సైకిల్ మీద కొలిచారు. పాట లయకి సరిగ్గా తొక్కినవాళ్ళకి, కాలి వేగం కంటే కాస్త నెమ్మదైన పాటతో తొక్కినప్పటికంటే దాదాపు 7 శాతం తక్కువ ఆక్సిజన్ సరిపోయింది. కాబట్టి గదిలో పాట ఎంత గట్టిగా మోగిందన్నది కాదు చూడాల్సింది, కాలితో కలిసిందా లేదా అన్నది. ఆ కలయిక నాకు తర్వాత ఇంకోచోట చేరాక, మూడో వారంలో కుదిరింది. ఒక పాట మొత్తం గడియారం చూడకుండా తొక్కేశానని పాట అయిపోయాక తెలిసింది.

తోడు కూడా అలాంటిదే. నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడు 1898లో సైకిల్ పందేల లెక్కలు తిరగేసి, ఒంటరిగా తొక్కినప్పటికంటే పక్కన ఇంకొకరున్నప్పుడు మనిషి వేగంగా తొక్కుతాడని చూపించాడు. సామాజిక మనస్తత్వశాస్త్రంలో తొలి పరిశోధనల్లో దాన్ని చెప్పుకుంటారు. అలవాటైనవాళ్ళకి ఇది వరమే. కొత్తవాళ్ళకి మాత్రం గోడ మీద తెర పెట్టి ఎవరెంత తొక్కారో పేర్లతో చూపిస్తే, నా మొదటి రోజు పౌరుషం లాంటిదే పుట్టుకొస్తుంది. నాకైతే వెనక వరుసలో, నాలాంటి ఇద్దరు ముగ్గురి మధ్య కూర్చోవడమే బాగుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాదిమంది పల్లె ఆడవాళ్ళు సైకిల్ నేర్చుకున్నారు. దానికోసం పాటలు కట్టుకున్నారు, ఒకరికొకరు పట్టుకుని నేర్పుకున్నారు. మొన్నటిదాకా నేర్చుకుంటున్న మనిషే ఇవాళ పక్కనున్న ఇంకొకరికి నేర్పింది. అలాంటి తోడు కొత్తవాళ్ళ మీద బరువు పెట్టదు.

నన్ను ఎక్కువగా పట్టి ఆలోచింపజేసింది మాత్రం పల్లం. చిన్నప్పుడు మేం సైకిల్‌ని కట్ట మీదకి తోసుకెళ్ళి, అక్కణ్ణుంచి తోట లోపలికి వదిలేవాళ్ళం. ఎక్కేటప్పటి ఆయాసం ఒక్కటీ గుర్తుండేది కాదు. చెవుల్లో గాలి, చెట్ల కింద పడ్డ కాయల వాసన, ఇవే ఇంటికి వచ్చేవి. గదిలోని సైకిల్‌కి పల్లం లేదు. అంతకంటే అన్యాయం, చాలా క్లాసుల్లో చివరి పాటే అన్నిటికంటే పెద్ద మిట్ట. అక్కడ గుండె అదిరిపోయిన క్షణమే జ్ఞాపకంగా ఇంటికొస్తుంది. జాకరీ జెన్కో, పాంటెలీస్ ఎక్కెకాకిస్, డాన్ ఏరియలీ 2016లో ప్రచురించిన పరిశోధనలో పదిహేను నిమిషాలు సైకిల్ తొక్కించారు. కొందరికి తేలికతో మొదలుపెట్టి కష్టం పెంచుకుంటూ పోయారు, కొందరికి కష్టంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ వచ్చారు. రెండో జట్టువాళ్ళు ఎక్కువ ఆనందించారు. తర్వాత తలుచుకున్నప్పుడూ ఆ వ్యాయామం బాగుందనే అన్నారు, మళ్ళీ చేస్తే బాగుంటుందనీ అన్నారు. అది చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. మా కట్ట, మా పల్లం అందులో కనిపించాయి.

అందుకే తర్వాత చేరిన చోట నేర్పే అమ్మాయిని అడిగాను, "చివరి రెండు పాటలకి నేను మర వదులు చేసుకుంటానమ్మా, ఏమీ అనుకోకు" అని. "మర మీ చేతిలోదే ఆంటీ" అంది. ఒళ్ళు వేడెక్కడానికి ఆరేడు నిమిషాలు, తర్వాత కష్టమైన పాటలు, అక్కణ్ణుంచి మెల్లగా కిందికి. నాలుగో వారం నుంచి నేను ఎదురుచూసే భాగం ఆ చివరిదే. కళ్ళు మూసుకుంటే ఎర్రబాట కనబడుతుంది.

బయల్దేరడం మాత్రం ఇప్పటికీ కష్టమే. దానికీ ఒక కారణం దొరికింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో చూపించిందేమిటంటే, వ్యాయామానికి ముందు మనుషులు దాని ఆనందాన్ని తక్కువగా అంచనా వేస్తారు, ఎందుకంటే వాళ్ళ ధ్యాసంతా ఇబ్బందిగా ఉండే మొదటి నిమిషాల మీదే ఉంటుంది. బద్ధకంగా ఉన్న రోజున నేను చివరి పాటను తలుచుకుని చెప్పులేసుకుంటాను.

ఈ కదలని సైకిల్ విలువ నాలాంటివాళ్ళకి ఎక్కువ. మోకాళ్ళ మీద ఒంటి బరువు పడదు, తూలి పడతామన్న భయం లేదు. పని చేసే కండరం రక్తంలోని చక్కెరని లాక్కుంటుంది. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మూడు క్లాసులు, నాలుగు సాయంత్రపు నడకలతో అది నిండిపోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గుండె జబ్బున్నవాళ్ళు ముందు డాక్టరుతో మాట్లాడాలి. చక్కెర పడిపోతే నోట్లో వేసుకోవడానికి సంచిలో ఏదో ఒక తీపి ఉండాలి.

మొన్న వెనక వరుసలోకి ఒకావిడ కొత్తగా వచ్చింది. చీర మీదే వచ్చి, లోపల బట్టలు మార్చుకుని, సీటు బాగా దించేసి కూర్చుంది. నేను దిగి వెళ్ళి, "అక్కయ్యా, ఒక్కసారి లేవండి" అని సీటు ఆవిడ తుంటి దాకా ఎత్తి బిగించాను. మర ఎటు తిప్పితే వదులవుతుందో చూపించాను. పాట మొదలైంది. "పక్కనే ఉంటావుగా?" అంది. "ఇక్కడే ఉన్నానండీ, మీరు తొక్కండి" అని నా సైకిలెక్కాను.