తుప్పు గీసిన గీత

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లకు తుప్పు పట్టిన మేకులు, పాత ఇనపముక్కలు పారేసే సామాను కాదు. వాటిని కుండలో వేసి, బెల్లం, తాటిబెల్లం కరిగించిన నీళ్లు పోసి వారాల తరబడి పులియబెడతారు. పులిసే కొద్దీ పుట్టే ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. వడగడితే సిరా సిద్ధం. వాసన సంగతి అడక్కండి.

ఆ సిరా ఒంటరిగా నల్లబడదు. గుడ్డను ముందే కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి. పాలలోని కొవ్వు సిరాను పక్కలకు పాకనివ్వదు. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి నలుపవుతుంది. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ గీస్తుంటే, పలచగా పడిన గీత చూస్తుండగానే చిక్కబడుతుంది. చెరిపే వీల్లేదు. రాముడి ముక్కు వంకరపోతే ఇక వంకరే! పటికతో వచ్చే ఎరుపును అందరూ మెచ్చుకుంటారు గానీ, నా ఓటు ఈ నల్లగీతకే.

ఈమధ్య కొందరు టెక్స్‌టైల్ కళాకారులు బోల్టులు, గొలుసులు గుడ్డలో చుట్టి, వెనిగర్ చల్లి, తుప్పు మరకలనే అచ్చులుగా తీస్తున్నారు. మరక ఎటు పాకుతుందో తెలియకపోవడమే అందులో సరదా. కలంకారీలో ఆ వెసులుబాటు లేదు.

ఇనుముకు ఒక దుర్గుణం ఉంది. మోతాదు మించితే ఏళ్లు గడిచాక నూలునే తినేస్తుంది. కొన్ని పాత అద్దకం బట్టల్లో ఎరుపు నిలిచి, నల్లగీత ఉన్నచోట గుడ్డ చివికిపోవడానికి కారణం అదే.