తలకిందులైనా బొమ్మ పలకాలి

టారో చదివేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. ముక్కలు కలిపి పరిచినప్పుడు ఒకటి తలకిందులుగా పడితే దానికి వేరే అర్థం చెప్పాలా, లేక నిటారుగా తిప్పేసుకుని చదవాలా? రివర్స్ కార్డులు వద్దనేవాళ్లు, 78 ముక్కల్లో మంచీ చెడూ ఇప్పటికే కావలసినంత ఉన్నాయి కదా అంటారు. కావాలనేవాళ్లు, 78ని 156గా వాడుకునే వీలుంటే వదులుకోవడమెందుకంటారు. జోస్యం నిజమా కాదా అన్న జోలికి నేను పోను. ఈ తగవులో సాక్ష్యానికి పిలవాల్సిన మనిషిని మాత్రం ఎవరూ పిలవరు. ఆవిడ ఆ బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్.

1909 డిసెంబరులో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ సంస్థ అచ్చువేసిన టారో ఆమె చేతిది. గీయించినవాడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్. ఇవాళ టారో అనగానే కళ్లముందు మెదిలేవి దాదాపు ఆ బొమ్మలే.

ఆమె గొప్పేమిటో తెలియాలంటే అంతకు ముందు సంగతి కొంచెం చూడాలి. మన పేకలో రాజును ఎటు తిప్పినా రాజే. నడుము దగ్గర కోసి రెండు తలలు అతికించినట్టుంటాడు. చేతిలో ముక్క తిప్పుకుంటే ఎదుటివాడు పసిగడతాడు కాబట్టి ఆటగాళ్లకు ఆ ఏర్పాటు నచ్చింది. టారో కూడా పుట్టుకతో ఆటే. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆడేవారు, ఇప్పుడు జాతకం చెప్పే 22 పెద్ద ముక్కలు అప్పట్లో తురుపు ముక్కలు. ఫ్రాన్సులో ఇప్పటికీ టారో ఆడతారు, వాళ్ల ముక్కలకూ రెండు తలలుంటాయి. అక్కడ తలకిందులనే మాటకే చోటు లేదు.

తలకిందుల ముక్కకు వేరే అర్థం చెప్పడాన్ని అచ్చులోకి ఎక్కించినవాడు పారిస్‌కు చెందిన జాన్ బాప్తిస్త్ అలియెత్. ఇంటిపేరును వెనకనుంచి చదివి ఎతెయ్యా అని పెట్టుకున్న మనిషి! తిరగేయడం అతని స్వభావంలోనే ఉందేమో. 1770లో మామూలు 32 ముక్కల పేకతో జోస్యం చెప్పే పుస్తకం వేశాడు. తర్వాత సొంతంగా టారో తయారుచేయించి, ముక్క పైన ఒక మాట, కింద తిరగేసి ఇంకో మాట అచ్చు వేయించాడు. ముక్క ఎటు పడితే అటున్న మాట చదువుకోవడమే. పని జరుగుతుంది గానీ అది గుమాస్తా చూపిన ఉపాయం, చిత్రకారుడిది కాదు. పాత మార్సేయ్ తరహా పేకల్లో చిన్న ముక్కలంటే నాణేలో కత్తులో ముగ్గులా పేర్చిన నమూనాలు. వాటిలో కొన్నింటిని తిప్పినా తిప్పినట్టే తెలియదు.

పమేలా ఆ నమూనాలు తీసేసి, రెండు నుంచి పది దాకా ప్రతి చిన్న ముక్కలోనూ సన్నివేశం పెట్టింది. ఆమెకంటే నాలుగు శతాబ్దాల ముందు సోలా బుస్కా అనే ఇటలీ పేకలో ఇలాంటి ప్రయత్నం ఉంది. గుండెలో మూడు కత్తులు దిగిన ఆమె బొమ్మకు మూలం అక్కడ కనిపిస్తుంది. అయితే సన్నివేశం వస్తే దాంతోపాటు నేల వస్తుంది, బరువు వస్తుంది, పడేదీ లేచేదీ వస్తాయి. తలకిందులు కావడానికి అర్థం ఏర్పడేది అప్పుడే.

ఆ నేల ఆమెకు నాటకశాలలోంచి వచ్చిందని నా అనుమానం. 1878లో లండన్‌లో పుట్టి, బాల్యంలో కొంతకాలం జమైకాలో పెరిగి, బ్రూక్లిన్‌లోని ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్థర్ వెస్లీ డౌ దగ్గర బొమ్మలు నేర్చుకుంది. జపాన్ చెక్కముద్రల పొందిక మీద డౌకు మక్కువ ఎక్కువ. ముదురు గీత, చదునైన రంగు, ఖాళీని కూడా ఆకారంగా చూసే పద్ధతి ఆమెకు అక్కడే పట్టుబడ్డాయి. ఆ తర్వాత ఎలెన్ టెర్రీ, హెన్రీ ఇర్వింగ్‌ల లైసియం నాటక బృందంతో తిరిగింది, బొమ్మల నాటకాలు ఆడింది. ఆమె ముక్కలు కొన్నింటిలో మనుషుల వెనక అడ్డంగా ఒక గీత సాగుతుంది. ముందున్నది వేదిక, వెనకున్నది తెర. కాళ్ల కింద అంత గట్టిగా నేల ఉంటే, దాన్ని తిప్పినప్పుడు చూసేవాడి కడుపులో కూడా ఏదో తిరుగుతుంది.

హ్యాంగ్డ్ మ్యాన్ ముక్క చూడండి. చిగురించిన కొయ్యకు ఒంటి పాదంతో వేలాడుతున్న మనిషి. రెండో కాలు దాని వెనకగా మడిచి ఉంటుంది. ముఖంలో బాధ లేదు, తల చుట్టూ కాంతివలయం ఉంది. ఇప్పుడు తిప్పండి. వేలాడటం పోయి ఒంటికాలి మీద నిలిచిన నర్తకుడు ప్రత్యక్షమవుతాడు. 21వ ముక్క వరల్డ్‌లో నాట్యం చేసే స్త్రీ కూడా ఒక కాలు అలాగే మడిచి ఉంటుంది. ఇతని సంఖ్య 12, ఆమెది 21. వెయిట్ తన పుస్తకంలో దీనికి రాసిన తలకిందుల అర్థం స్వార్థం, గుంపు. నాకు బొమ్మలో అది ఎంత వెతికినా దొరకలేదు. గీసినావిడ ఒకటి చెబుతుంటే రాసినాయన ఇంకొకటి చెబుతున్నాడు. నేను గీసినావిడ పక్షం.

వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ పనితనం ఇంకా లోతు. ఎడమపక్క పాము కిందికి దిగుతుంటుంది, కుడిపక్క నక్కతల దేవుడు చక్రాన్ని మోస్తూ పైకి లేస్తుంటాడు, శిఖరాన స్ఫింక్స్ కత్తితో కూర్చుంటుంది. సగం తిప్పితే పాము కుడిపక్కకు వచ్చి పైకి ఎగబాకుతుంది, ఇతను ఎడమకు పోయి దిగిపోతాడు. చక్రం తిరిగే దిశ మాత్రం మారదు! ఎక్కేవాడూ దిగేవాడూ తారుమారయ్యారంతే. ముక్క పైనున్న రోమన్ పది తిప్పినా పదే. చక్రం మీద పైనుంచి గడియారం వాటంలో చదివితే టి, ఎ, ఆర్, ఓ. తిప్పి మళ్లీ పైనుంచి మొదలుపెడితే అక్షరాలు తలకిందులుగా ఉన్నా వరస ఆర్, ఓ, టి, ఎ అవుతుంది. లాటిన్‌లో అది చక్రమే. అక్షరాల కిటుకు వెయిట్‌కు తెలిసిందే, ఆలోచన అతనిదే కావచ్చు. కానీ పాముకూ దేవుడికీ ఆ ఒంపులిచ్చి, తిప్పినా కదలిక చెడకుండా నిలిపిన చెయ్యి పమేలాది.

టెన్ ఆఫ్ స్వోర్డ్స్‌లో బోర్లాపడిన మనిషి వీపున పది కత్తులు, పైన నల్లని ఆకాశం, దూరాన పసుపుపచ్చని వెలుతురు. తిప్పితే కత్తుల పిడులు కిందికి వేలాడతాయి, ఒక్క కుదుపు చాలు జారిపోతాయన్నట్టు. నెత్తిన కూర్చున్న నలుపు అడుక్కి పోతుంది. ఇక్కడ వెయిట్ కూడా దారికొచ్చాడు. లాభం, జయం, అయితే నిలవవు అని రాశాడు. కత్తులు జారినా గాయాలు ఉంటాయి కదా.

ఏస్ ఆఫ్ కప్స్‌లో పావురం పైనుంచి పాత్రలోకి దిగుతుంటుంది, తిప్పితే పైకి ఎగిరిపోతుంది. పాత్ర మీదున్న ఇంగ్లీషు డబ్ల్యూ లాంటి అక్షరం ఎమ్ అవుతుంది. అది వెయిట్ పేరో మేరీమాత పేరో అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఇంత చేసినదానికి ఆమెకు దక్కింది స్వల్పం. పని ముగిశాక, పెద్ద పనికి చాలా కొద్ది డబ్బు వచ్చిందని ఫొటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కు ఉత్తరం రాసింది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్‌లో చనిపోయింది. పేక మీద ఏళ్ల తరబడి వెయిట్ పేరు, రైడర్ పేరు ఉన్నాయి గానీ ఆమె పేరు లేదు. ముక్కల మూలల్లో పాములా మెలికలు తిరిగిన ఆమె సంతకం మాత్రం ఉంది.

అయితే ముక్కలన్నీ ఇలా పలకవు. సింహాసనాల మీద కూర్చున్న రాజులను, రాణులను తిప్పండి. కుర్చీ తిరగబడిందని తప్ప ఏమీ తోచదు. పెంటకిల్స్ రాజు ద్రాక్షగుత్తుల మధ్య ఎంత అందంగా కూర్చున్నా, తలకిందులైతే అతని కథ ముందుకు సాగదు. వాటికి చెప్పే తలకిందుల అర్థాలు చాలావరకు పాత జాబితాల నుంచి దిగినవే. కాబట్టి రివర్స్ కార్డులు వాడాలా వద్దా అని పేకంతటికీ కలిపి అడగడమే నాకు సరిగా తోచదు. తిప్పినప్పుడు ఏ బొమ్మ కొత్త సన్నివేశం చూపిస్తుందో దానికి కొత్త అర్థం చెప్పుకోవచ్చు.

ఈ విడదీత వెయిట్ పుస్తకంలోనూ అక్కడక్కడ కనిపిస్తుంది. సన్ ముక్క తిరగబడితే అదే ఆనందం, కాస్త తక్కువ మోతాదులో అన్నాడు. నాలుగు కర్రలకు పూలదండ కట్టి ఉన్న ఫోర్ ఆఫ్ వాండ్స్ దగ్గరకొచ్చేసరికి, తిప్పినా అర్థం మారదనే రాసేశాడు. అలాంటి ముక్క తలకిందులుగా వస్తే నిటారుగా తిప్పి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.