మాండలిన్‌పై గమకం

మాండలిన్‌పై కర్ణాటక సంగీతం పలకదన్న మాట తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. జంట తీగెలు, కదలని మెట్లు, మీటగానే ఆరిపోయే నాదం, ఈ మూడూ స్వరాన్ని ఊపే గమకానికి అడ్డే. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, జంటలు వదిలి ఒంటి తీగెలే వేసుకున్నారు. నాదం నిలిచింది. వేలు తీగెను మెట్టు మీద పక్కకు లాగితే స్వరం ఊగింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. ఆ వాద్యం గాత్రంలా పలకడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. పరాయి వాద్యమంటారా, మరి వయొలిన్ ఎక్కడిది? వేగమే తప్ప లోతు లేదనేవారు ఆయన ఆలాపనలో నింపాదిగా సాగే చోట్లు వినాలి. పుట్టపర్తి సభలోనైనా, ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్ జాజ్ గిటార్ పక్కనైనా ఆ గమకం చెక్కుచెదరలేదు. 2014లో, 45 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. తమ్ముడు రాజేష్ చేతిలోనూ ఉన్నది మాండలినే.