దాచే నేర్పు
(ముందుమాట)

డిటెక్టివ్ నవల, దయ్యాల నవల, గ్రహాంతరాల నవల అంటే మన సాహితీ పెద్దలకు రైల్లో చదివి సీటు మీదే వదిలేసి దిగిపోయే సరుకు. అలాంటివాటికి విమర్శ దేనికని మా తరం అనుకుంది. ఈ రచయిత్రి మా మాట లెక్కచేయలేదు. పేరుమోసిన ఆ తరహా నవలల్నీ, వాటిలోంచి వచ్చిన సినిమాల్నీ పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా చదివింది, చూసింది. రాతప్రతి చేతికిచ్చి నాలుగు మాటలు రాయమంది. వయసులో చిన్నది గనక ఏకవచనంలో రాస్తున్నాను. పుస్తకం పూర్తిచేశాక మాత్రం ఆ చనువు తీసుకోవచ్చా అని సందేహం వచ్చింది.

“నవలంత బాగా తియ్యలేదండీ” అని ఇంటర్వెల్లో టీ తాగుతూ అనని చదువరి లేడు. ఈ పుస్తకం ఆ తగువులోకి దిగదు. రచయిత్రి పట్టుకున్న కొస వేరు. ఈ రకం నవలకు ప్రాణం చెప్పేదాంట్లో కంటే చెప్పకుండా అట్టిపెట్టుకున్నదాంట్లోనే ఎక్కువ. హంతకుడెవరో, మేడ మీది గదిలో ఎవరున్నారో, నీళ్ళ కింద ఏముందో పాఠకుడికి చివరిదాకా అందకూడదు. వాక్యానికి ఇది తేలిక, రాయకపోతే సరి. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. గదిలోకి వెళ్ళిందంటే గదిలో ఉన్నవన్నీ పడతాయి. మరి నవల దాచినదాన్ని సినిమా ఎక్కడ దాచుకోవాలి? పుస్తకమంతా ఈ ప్రశ్నే.

‘సైకో’ మీద రాసిన అధ్యాయం ఒక్కటి చాలు, ఈ ప్రశ్న ఎంత దూరం తీసుకుపోతుందో తెలియడానికి. రాబర్ట్ బ్లాక్ నవల 1959లో వచ్చింది, హిచ్‌కాక్ సినిమా మరుసటి ఏడాది. నవల నార్మన్ బేట్స్ దగ్గరే మొదలవుతుంది. నలభై ఏళ్ళ మనిషి, లావుపాటి ఒళ్ళు, కళ్ళద్దాలు. తల్లితో వాదులాడుతుంటాడు. తల్లి మాటలు కొటేషన్ గుర్తుల మధ్య ఉంటాయి, మనం నమ్మేస్తాం. కాగితం మీద గొంతుకు ముఖం అక్కర్లేదు కదా. హిచ్‌కాక్ కథను నార్మన్ దగ్గర కాక, ఆఫీసు డబ్బుతో ఉడాయించే అమ్మాయి దగ్గర మొదలుపెట్టాడు. ఈ కథ ఆమెదేనని మనం స్థిరపడ్డాక, సినిమా సగానికి రాకముందే, స్నానాల గదిలో ఆమెను తీసేశాడు. ముప్పావు నిమిషం సాగే ఆ సీను కోసం వారం రోజులు షూటింగ్ చేశారని సినిమా పుస్తకాలన్నీ చెబుతాయి. రచయిత్రి కన్ను దాని మీద ఆగలేదు. ఆ తర్వాత ఎప్పుడో వచ్చే చిన్న షాట్ మీద పడింది. నార్మన్ తల్లిని చేతుల మీద ఎత్తుకుని గదిలోంచి తెచ్చేటప్పుడు కెమెరా మెట్ల పక్కగా పైకి పైకి పోయి, ఇంటికప్పు దగ్గర నిలబడి కిందికి చూస్తుంది. ఆ ఎత్తునుంచి తల్లి ముఖం కనబడదు. కావాలని చాటుచేస్తున్నారన్న అనుమానం మనకు రాకుండా, కెమెరా కదులుతున్నంతసేపూ తల్లీకొడుకుల వాదన వినిపిస్తూనే ఉంటుంది. నవల కొటేషన్ గుర్తుల మధ్య దాచినదాన్ని సినిమా ఇంటికప్పు కింద దాచింది! లావుపాటి నార్మన్ బదులు సన్నగా, బిడియంగా ఉండే ఆంథొనీ పెర్కిన్స్‌ను తీసుకోవడం కూడా దాచడంలో భాగమేనంటుంది రచయిత్రి. అంత మర్యాదస్థుణ్ణి ఎవరు అనుమానిస్తారు?

‘జాస్’ సంగతి ఇందుకు తలకిందులు. పీటర్ బెంచ్లీ నవల (1974) మొదట్లోనే సొరచేపను మనముందు ఈదిస్తుంది. సినిమా తీసిన స్పీల్‌బర్గ్ కూడా చూపించాలనే అనుకున్నాడు. కానీ ఉప్పునీళ్ళలో దిగగానే యంత్రపు చేప మాటిమాటికీ మొరాయించింది. గత్యంతరం లేక నీళ్ళ మీద తేలే పసుపు పీపాలు, జాన్ విలియమ్స్ రెండు స్వరాలు దాని పని చేశాయి. 1975లో జనం గంటకు పైగా సరిగ్గా చూడనైనా చూడని చేపకు హడలిపోయారు. నవల దాచనిదాన్ని సినిమా దాచడానికి కారణం దర్శకుడి ప్రతిభ ఎంతో, చెడిపోయిన యంత్రం కూడా అంతే. ఈ మాట నిర్మొహమాటంగా రాసినందుకు రచయిత్రిని మెచ్చుకోవాలి. మన విమర్శకులకు దర్శకుణ్ణి దేవుణ్ణి చేస్తే తప్ప తోచదు.

హామెట్ ‘మాల్టీస్ ఫాల్కన్’ (1930) మరో రకం. ఎవరి మనసులోకీ తొంగిచూడదు. ఎవరేం చేశారు, ఎవరేమన్నారు, అంతే. నవలే కెమెరాలా నడిచింది గనక సినిమా తీసిన జాన్ హ్యూస్టన్‌కు (1941) పెద్దగా మార్చాల్సిన అవసరం పడలేదు. నవల్లో డిటెక్టివ్ స్పేడ్‌ది లేత గోధుమరంగు జుట్టని ఎవరైనా గుర్తుచేస్తే గాని మనకు తెర మీది హంఫ్రీ బోగార్ట్ తప్ప ఇంకెవరూ కళ్ళకు కట్టరు.

డ్రాక్యులా గురించి చదువుతూ నవ్వుకున్నాను. బ్రామ్ స్టోకర్ నవలలో (1897) ఆ ప్రభువు పట్టపగలు లండన్‌లో తిరుగుతాడు. ఎండ సోకితే రక్తపిశాచి నశిస్తుందన్నది 1922లో మూర్నౌ తీసిన ‘నోస్ఫెరాటు’ చలవ. అది అనుమతి లేకుండా తీసిన సినిమా. స్టోకర్ భార్య కోర్టుకెక్కింది, ప్రింట్లన్నీ నాశనం చేయమని తీర్పొచ్చింది. కొన్ని తప్పించుకున్నాయి. కోర్టు చంపమన్న సినిమాలోని ముగింపే ఇవాళ లోకం దృష్టిలో స్టోకర్ రాసినదైపోయింది.

అగాథా క్రిస్టీ దగ్గర మాత్రం రచయిత్రితో నాకు పేచీ. ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ పేరుతో అందరికీ తెలిసిన 1939 నాటి నవల దీవిలో చిక్కుకున్న పదిమందిలో చాలామంది మనసుల్లోకి దూరుతుంది, హంతకుడి మనసులోకి కూడా. అయినా దొరకనివ్వదు. చివరికి దీవిలో ఎవరూ మిగలరు. (కోపగించుకోకండి, హంతకుడి పేరు చెప్పలేదుగా.) 1945లో రెనే క్లెయిర్ తీసిన సినిమాలో ఇద్దరు బతికి బయటపడతారు. ఆ మార్పు నాటకం కోసం క్రిస్టీ స్వయంగా చేసుకున్నదే గనక తప్పు పట్టలేమని రచయిత్రి సరిపెట్టుకుంది. నేను సరిపెట్టుకోలేను. 1987లో సోవియట్ దర్శకుడు గొవరూఖిన్ నవల ముగింపును ముట్టుకోకుండా తీశాడు. ఊరట ఇవ్వకుండా ప్రేక్షకుణ్ణి ఇంటికి పంపవచ్చని చూపించాడు. ఆ సినిమా ఈ అధ్యాయంలో లేకపోవడం లోటే. మన ‘గుమ్నామ్’ (1965) ప్రస్తావన మాత్రం సరదాగా ఉంది, అందులో పాటకీ పాటకీ మధ్య వీలు చూసుకుని హత్యలు జరుగుతాయి.

రెండో పేచీ ‘సొలారిస్’. స్తనిస్లావ్ లెమ్ 1961లో రాసినదాన్ని తార్కోవ్‌స్కీ 1972లో తీశాడు. లెమ్‌కు అది నచ్చలేదు. తన నవలను వదిలి దస్తయేవ్‌స్కీ ‘నేరము - శిక్ష’ తీశాడని ఎత్తిపొడిచాడు. రచయిత్రిది లెమ్ పక్షం. నవల్లో సొలారిస్ గ్రహాన్ని కప్పిన సముద్రం గురించి ఒక శాస్త్రమే పుట్టి, బీరువాల కొద్దీ గ్రంథాలు రాసి, ఏమీ తేల్చలేక చతికిలపడుతుంది. సినిమాలో ఆ గ్రంథాల ఊసు దాదాపు లేదు. భూమ్మీద కథానాయకుడి తండ్రి ఇంటి దగ్గర, నీటి కింద ఊగే నాచుతో మొదలవుతుంది. రచయిత్రి ఇదంతా నష్టం ఖాతాలో రాసేసింది. నాకలా తోచదు. సముద్రం ఎన్నటికీ అర్థం కాదన్నదే లెమ్ గుట్టు. తార్కోవ్‌స్కీ దాన్ని మనిషి వైపు తిప్పాడు. చనిపోయిన భార్య తిరిగొచ్చి ఎదురుగా కూర్చున్నా ఆమె ఎవరో అతనికి అంతుబట్టదు. దాచినచోటు మారింది గాని గుట్టు పోలేదు. రచయిత్రి సూత్రంతోనే రచయిత్రిని కాదంటున్నాను, ఏమనుకోదనే ధైర్యంతో.

ఫిలిప్ కె. డిక్ నవలను (1968) తొందరగా దాటేసింది. జంతువులు అంతరించిపోతున్న భూమ్మీద నిజం గొర్రెను కొనే స్తోమత లేక మేడమీద కరెంటు గొర్రెను పెంచుకునే కథానాయకుడు డెకర్డ్ అవమానం, ఆ నవలలోంచి వచ్చిన ‘బ్లేడ్ రన్నర్’ (1982)లో మచ్చుకైనా కనబడదు. దాని మీద ఇంకో పది పేజీలు రాయాల్సింది.

ఇక అసలు ఫిర్యాదు. ఇంత దూరం తిరిగిన మనిషి మన ఇంటి గడప తొక్కలేదు. ‘అభిలాష’ (1983), ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ నుంచి వచ్చిన ‘ఛాలెంజ్’ (1984), ‘మరణ మృదంగం’ (1988) మూడూ యండమూరి నవలలే. మూడింటికీ కోదండరామిరెడ్డి దర్శకుడు, చిరంజీవి నాయకుడు. యండమూరి సీరియల్ కోసం వారపత్రిక వచ్చేరోజు కాచుకుని కూర్చున్న పాఠకులు, ఇళయరాజా పాటల మధ్య ఆ ఉత్కంఠ ఏమైందో చెప్పేవాళ్ళ కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు. అంతకంటే ముఖ్యం ఆయనదే ‘వెన్నెల్లో ఆడపిల్ల’. ఫోన్లో గొంతు తప్ప ఏమీ తెలియని అమ్మాయి కథ. దాన్ని 1995లో ‘బెళదింగళ బాలె’గా తీసిన కన్నడ దర్శకుడు సునీల్ కుమార్ దేశాయి ఆమె ముఖం మనకు చూపించనే లేదు. ఈ పుస్తకం అడుగుతున్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు మన పక్కింట్లోనే ఉంది.

అమ్మా, రెండో సంపుటం అక్కడినుంచి మొదలుపెట్టు.