యురేకా రహదారి ఫలకం: కర్త లేని వాక్యం

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో యురేకా అనే చిన్న ఊరి రహదారి పక్కన 2012లో ఒక స్మారక ఫలకాన్ని నిలిపారు. 1961 జనవరి 24న అక్కడికి మూడు మైళ్ళ దూరంలో, రెండు హైడ్రోజన్ బాంబులతో కూలిన బి-52 విమానాన్ని గూర్చినది అది. ఎనిమిది మంది సిబ్బందిలో ముగ్గురు మరణించారు.

శీర్షికలోని మాట ‘మిస్‌హ్యాప్’. జాతరలో పందిరి కూలినప్పుడు మన పత్రికలు రాసే ‘అపశ్రుతి’ వంటిది. 3.8 మెగాటన్నుల స్థాయి బాంబులకు ఈ పదం పొసగదు. అంతకన్న గమనించదగినది, పెను విపత్తు తప్పిందని చెప్పే వాక్యం. ఆంగ్ల మూలంలో అది కర్మణి రూపం, కర్త లేదు. తప్పించినది ఎవరు, ఏది? ఆయుధ భద్రతా నిపుణుడు పార్కర్ జోన్స్ 1969లో రాసిన పత్రం 2013లో వెలుగుచూసింది. ఒక బాంబు విషయంలో చివరకు అడ్డు నిలిచింది అల్ప వోల్టేజీ స్విచ్చి ఒక్కటేనని అందులో ఉంది. ఫలకం అంతకు ముందటి ఏడాదిది కనుక స్విచ్చిని పేర్కొనలేదని తప్పుపట్టలేం. అయితే కర్తృలోపానికి కారణం సమాచారలేమి మాత్రమే కాదు. అధికారిక భాషకు అది అలవాటైన ఆశ్రయం.

మృతుల పేర్లూ లేవు. పేరు చెక్కిన వీరగల్లులను చదివిన కంటికి ఈ లోపం వెంటనే తగులుతుంది.

రెండవ బాంబు బురదనేలలో కూరుకుపోయింది. దాని యురేనియం భాగం నేటికీ అక్కడే ఉంది. పైన సేద్యం చేసుకోవచ్చు, లోతుగా తవ్వరాదు. ఆ పొలాన్ని గురించి ఫలకంలో ఒక్క అక్షరమైనా లేదు.