పగటివేషం కట్టిన ఊరు

డిసెంబరు వచ్చిందంటే సియాటెల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే మనవాళ్ళ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒకే రకం ఫోటో వస్తుంది. మంచు పరుచుకున్న వీధి, చెక్క బాల్కనీల ఇళ్ళు, చెట్ల నిండా దీపాలు, వాటి ముందు మంకీ క్యాపు పెట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ. ‘‘జర్మనీ ఎప్పుడెళ్ళారు?’’ అని ఇక్కణ్ణుంచి అడుగుతారు. వెళ్ళింది జర్మనీకి కాదు, లెవెన్‌వర్త్‌కి. సియాటెల్‌నుంచి స్టీవెన్స్ కనుమ దాటి, కారులో రెండు గంటలకు పైగా వెళ్తే వస్తుంది. జనాభా రెండున్నర వేల లోపే. జర్మనీలోని బవేరియానుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరేమీ కాదది. ఆ ఆహార్యం మొత్తం 1960లలో బుద్ధిపూర్వకంగా కట్టిన వేషం.

‘అంతా నకిలీ’ అని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మన పగటివేషగాళ్ళను గుర్తు చేయాలి. పగటివేషగాడికి తెర లేదు, రంగస్థలం లేదు. పట్టపగలు, నడివీధిలో, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఆడాలి. అది వేషమని చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసే మెచ్చుకుంటారు, అతుకు కనబడనంతసేపు. లెవెన్‌వర్త్ పనితనాన్ని చూడవలసింది ఆ కంటితోనే.

ముందు వేషం ఎందుకు కట్టవలసి వచ్చిందో చూద్దాం. రైలు, కలప ఈ ఊరి రెండు కాళ్ళు. గ్రేట్ నార్తర్న్ రైల్వే 1920లలో దారి మార్చుకుని, తన కార్యాలయాన్ని వెనాచీ పట్టణానికి తరలించింది. రంపపు మిల్లూ మూతపడింది. తర్వాత ముప్పై ఏళ్ళు ఊరు వెలవెలబోయింది. 1962లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఊరివాళ్ళు ‘ప్రాజెక్ట్ లైఫ్’ మొదలుపెట్టి, ఏం చేస్తే బతుకుతామో చర్చించుకున్నారు. హైవే పక్కన కాఫీ హోటల్ నడుపుతున్న టెడ్ ప్రైస్, బాబ్ రాడ్జర్స్ ఒక ఆలోచన తెచ్చారు. కాలిఫోర్నియాలోని సాల్వాంగ్ డెన్మార్క్ పల్లెలా ఉండి యాత్రికులను రప్పించుకోవడం వాళ్ళు చూశారు. అయితే సాల్వాంగ్‌ను స్థాపించినవాళ్ళు నిజంగానే డేనిష్ జనం. లెవెన్‌వర్త్‌కు అలాంటి వంశవృక్షం లేదు. ఉన్నదల్లా చుట్టూ కాస్కేడ్ పర్వతాలు, పక్కన వెనాచీ నది. ముఖానికి నప్పే వేషం ఎంచుకోవడమే సగం పని. ఆ కొండల ముందు నిలిపితే ఆల్ప్స్ ఇల్లు ఎబ్బెట్టుగా కనబడదని వాళ్ళు కనిపెట్టారు.

రెండో తెలివి క్రమంలో ఉంది. గోడలకు రంగు పడక ముందే, 1964లో, ఆకులు పండి రాలే రోజుల్లో ‘ఆటమ్ లీఫ్ ఫెస్టివల్’ పెట్టారు. అంటే ముందు జనం రావడానికి ఒక కారణం, ఆ తర్వాత అలంకారం. 1965లో మొదటి భవనాలు రూపు మార్చుకున్నాయి. చికామిన్ అనే పాత హోటల్ ఎడెల్‌వైస్ అయింది. సర్కారు గ్రాంటు కోసం కూర్చోలేదు. యజమానులే సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టుకున్నారు. సొంత సొమ్ము పెట్టినవాడు పని మీద కన్నేసి ఉంచుతాడు కదా!

ఇక పని దగ్గరకు వద్దాం. ఫ్రంట్ స్ట్రీట్‌లో ఉన్నవి అసలు మామూలు అమెరికన్ దుకాణాలు: ఇటుక గోడలు, బల్లపరుపు ముఖాలు. వాటిని కూల్చలేదు, పైన తొడుగు వేశారు. వాలు తక్కువగా ఉండే కప్పు, గోడ దాటి బాగా ముందుకు వచ్చిన చూరు. ఆల్ప్స్‌లో ఆ తక్కువ వాలుకు కారణముంది: అక్కడి పాత ఇళ్ళ చెక్క పెంకుల మీద బరువుకు రాళ్ళు పెట్టేవారు, వాలు ఎక్కువైతే అవి నిలవవు. కింది అంతస్తుకు తెల్లటి పూత, పై అంతస్తుకు ముదురు చెక్క. చెక్కిన కటకటాల బాల్కనీ, దాని అంచున వేసవిలో పూలతొట్లు. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ కలిసినప్పుడు చూపు ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుంది.

గోడ బొమ్మలు ఇంకా రుచికరం. బవేరియాలో ఇళ్ళ ముఖాల మీద బొమ్మలు వేసే విద్యను లుఫ్టల్‌మాలెరై అంటారు. ఒబెరామెర్‌గావ్‌లో 18వ శతాబ్దపు చిత్రకారుడు ఫ్రాంజ్ సెరాఫ్ జ్వింక్ అందులో పేరుమోసినవాడు. చదును గోడ మీద లేని స్తంభాన్ని, లేని కిటికీ చట్రాన్ని నీడతో సహా గీసి ఉన్నట్టు భ్రమింపజేయడం అందులోని కిటుకు. పెట్టెలాంటి దుకాణానికి లోతు తెప్పించాల్సిన ఊరికి ఇంతకన్నా పనికొచ్చే విద్య ఏముంది?

నాకు అన్నిటికన్నా నచ్చింది బోర్డులు. వేషం మొదట స్వచ్ఛందం, తర్వాత మున్సిపల్ నిబంధన. లోపల లైటు పెట్టి మెరిపించే ప్లాస్టిక్ బోర్డు కుదరదు. అక్షరాలు పాత జర్మన్ ఫణితిలో ఉండాలి. మెక్‌డొనాల్డ్స్ అయినా, స్టార్‌బక్స్ అయినా అంతే. ప్రపంచమంతా ఒకే ముఖంతో తిరిగే కంపెనీలు ఈ రెండున్నర వేల జనం ఉన్న ఊళ్ళోకి వచ్చేసరికి ముఖానికి రంగు పూసుకుంటాయి. ఒక్కడు మినహాయింపు అడిగి పుచ్చుకుంటే వీధి మొత్తం అతుకు బయటపడుతుంది. మరి పగటివేషంలో గడ్డం జారితే ఇంకేముంది?

వేషం పైపైనే ఆగలేదు. మే నెలలో మైఫెస్ట్, చలికాలంలో ఐదు లక్షలకు పైగా దీపాలు, 1995లో తెరిచిన నట్‌క్రాకర్ మ్యూజియంలో అడకత్తెరకు దూరపు చుట్టాల్లాంటి చెక్క బొమ్మలు వేలకొద్దీ. ఏ నెలలో వచ్చినా ఏదో ఒకటి జరుగుతూ ఉండేలా చూసుకున్నారు.

మెచ్చుకోలుతో పాటు ఒక మాట చెప్పుకోవాలి. ఆ లోయ వెనాచీ ఆదివాసులది. ఐసికిల్ వాగు నదిలో కలిసే చోట సాల్మన్ చేపల వేట వాళ్ళ బతుకు. 1855 ఒప్పందంలో అక్కడ వాళ్ళకు చోటు రాసి ఇచ్చారు గానీ, చేతికి ఇవ్వలేదు. బవేరియా ఆహార్యంలో ఆ కథకు స్థలం దొరకలేదు. ఎంత చక్కటి తొడుగైనా కింద ఉన్నదాన్ని కప్పేస్తుంది.

లెవెన్‌వర్త్‌కు చేరే రెండో నంబరు హైవే టమ్‌వాటర్ లోయలో నడిచేది, రైల్వే వదిలేసిపోయిన పాత పట్టాల దారి వెంటే. పోయిన రైలు దారినే జనం వస్తున్నారు. వచ్చి ఫోటోలు దిగే ముచ్చట మనకూ ఉంది. మన ఊళ్ళ కూడళ్ళలోనూ ఈమధ్య ‘ఐ లవ్’ అంటూ ఊరి పేరుతో నిలువెత్తు అక్షరాలు లేస్తున్నాయి. వాటి ముందు సెల్ఫీ దిగుతాం. ఫోటోలో ఆ అక్షరాల వెనక నాలుగు ఫ్లెక్సీలు, ఒక కోచింగ్ సెంటరు బోర్డు, వేలాడే కేబుల్ తీగలు పడతాయి. లెవెన్‌వర్త్‌వాళ్ళు అరవై ఏళ్ళుగా సర్దుతున్నది ఆ వెనక పడే భాగాన్నే.